పై చెయ్యి

ముప్పై ఎనిమిదేళ్లు థండర్ బేలో
లారీలాగే హోటల్లో పాన్‌కేకులు మోసిన చేతులివి.
ఏడో రాత్రి, ఓడ గదిలో,
ఒక ఖాళీ కవరు ముందు ఆగిపోయాయి.

ఎంత పెట్టాలి?

రోజుకింతని ఓడవాళ్లు ముందే ఖాతాలో రాసేశారు.
"అదేగా టిప్పు, మళ్లీ దేనికి?" అన్నాడు
భోజనాల దగ్గర నాకెదురుగా కూర్చునే లాయిడ్.
పొద్దున రిసెప్షన్ దగ్గర వరసలో నిలబడి
ఆ కాస్తా తీయించేశాడట.
తీయించొచ్చి, రొయ్యలు రెండోసారి తెప్పించుకున్నాడు.
నేనేమీ అనలేదు.
సూపులో ఉప్పు తక్కువైందని మాత్రం అన్నాను.

ఎరుగుదును ఆ బాపతుని.
నిండు గ్లాసు బల్ల మీద బోర్లించి
దాని కింద పావు డాలరు బిళ్ళ పెట్టిపోయినవాడొకడు.
ఎత్తగానే నీళ్లన్నీ నా ఒళ్లో.
చూసి నవ్వడానికి తలుపు దగ్గర ఆగాడు.
హిల్కా అని నా రొమ్ము మీద రాసున్నా
"ఏయ్" అనే పిలిచేవాళ్లు.
ఇంకొకడు, ఇరవై నోటు మరిచిపోయాడనుకుని
మంచులో లారీ దాకా పరిగెత్తితే
"నీకే, పిచ్చిదానా" అన్నాడు.
ఆ నోటుతో ఆర్వోకి చేతి తొడుగులు కొన్నాను.
తొడుగులున్నాయి. ఆర్వో లేడు.
అతని బీమా డబ్బే ఈ టికెట్టు.

గది చూసే కుర్రాడు రోడెలియో,
ఇలోయిలో నుంచి, తొమ్మిది నెలల కాంట్రాక్టు,
రోజుకి పద్దెనిమిది గదులు.
నా మోకాలు చూసి, అడక్కుండానే
మంచం పక్కకి కుర్చీ జరిపి పెట్టాడు.
కెచికాన్‌లో దిగొచ్చిన సాయంత్రం
తువ్వాలుతో చేసిన కోతి
నా కళ్లజోడు పెట్టుకుని వేలాడుతోంది.
మంచుకొండ విరిగి నీళ్లలో పడిన రోజు
ఓడంతా డెక్కు మీద కేకలు పెడుతుంటే
అతను వరండాలో దుప్పట్ల బండి తోస్తున్నాడు.
"చూశావా?" అనడిగాను.
"విన్నాను మేడమ్" అన్నాడు.

దిండు మీద పెట్టి పోతే?
దిండు మీది డబ్బుకి నోరుండదు,
ఇచ్చి వెళ్లిందో, మరిచి వెళ్లిందో చెప్పదు.
చేతికిస్తే?
నా చెయ్యి పైన, అతని చెయ్యి కింద.
కింది చెయ్యిగా బతికినదాన్ని.
ముందు వేళ్లు ముడుచుకుంటాయి.
చూపు నోటు మీద పడకుండా
మొహం మీదే నిలబెట్టుకోవడం ఒక పని.
ఆ పనికి జీతం లేదు.

మూడుసార్లు లెక్కపెట్టాను.
పంటి డాక్టరు బిల్లు గుర్తొచ్చి ఒక నోటు తీశాను.
సిగ్గేసి మళ్లీ పెట్టాను.
అబద్ధమెందుకు, మళ్లీ తీశాను.
కవరు జిగురు నాలుక మీద చేదుగా తగిలేదాకా
ఇదే తంతు.
చివరికి నోటు లోపలుందో బయటుందో
చెప్పను.

పొద్దున ఆరున్నర. వాంకోవర్.
సంచి అందుకోడానికి వచ్చాడు.
నేను అరచెయ్యి పళ్లెంలా చాపి
దాని మీద కవరుంచి నిలబడ్డాను.
మోసిన అలవాటు, చెయ్యి వణకలేదు.
ఒక్క క్షణం అర్థంకానట్టు చూశాడు.
పైనుంచి వచ్చింది అతని చెయ్యి,
బ్లీచు వాసనతో, బొటనవేలికి ప్లాస్టరుతో,
వేడి ప్లేటు అందుకున్నట్టు అందుకుంది.

అప్పుడడిగాడు, గొంతు తగ్గించి:
"కామెంటు కార్డు మీద నా పేరు రాస్తారా?
పేరుంటేనే పైవాళ్లు చూస్తారు.
వచ్చే కాంట్రాక్టు దాని మీదే."
రాశాను. తప్పు రాశాను,
వారం రోజులు ఆ బ్యాడ్జీ చూస్తూనే.
ఒక అక్షరం అతనే దిద్దాడు.
"పేరు చాలితే కవరు వెనక్కిచ్చెయ్" అన్నాను.
నవ్వుతూ జేబు మీద చెయ్యేసుకున్నాడు,
గట్టిగానే.

లాయిడ్ ఎప్పుడో దిగిపోయాడు.
తలుపు తీసే ఉంది.
మంచం మీద రాత్రి చేసిన తువ్వాలు హంస
ఇంకా మెడ నిలబెట్టుకునే ఉంది.
రోడెలియో దాని మెడ పట్టి ఒక్క విదిలింపు విదిలించాడు.
ఉత్త తువ్వాలైంది.
మధ్యాహ్నానికి కొత్తవాళ్లొస్తారు.